నాలుగు పట్టీల చెక్క

షట్టరు నడుము ఎత్తుకి లేవగానే షావుకారుకి తెలిసిపోయింది, చెక్క లేదని.

కౌంటరు పక్కన మేకుకి ఇరవై ఏళ్లుగా వేలాడుతున్న నమూనా చెక్క అది. ఇప్పుడక్కడ మేకు ఉంది. మేకు కింద మూరెడు పొడవున దుమ్ము పట్టని గోడ ఉంది. అంతే.

డబ్బాల వరసల వెనక వెతికాడు. బ్రష్షుల అర లాగి చూశాడు. నిచ్చెన జరిపాడు, నిచ్చెనకి ఆనించి ఉన్న కొత్త సైకిలునీ జరిపాడు. గురువారం తెచ్చిన సైకిలు. సీటు మీది ప్లాస్టిక్ తొడుగు ఇంకా ఊడదీయలేదు. ఎవరి కోసం తెచ్చాడో వాడు దాని వంక ఒకసారి చూసి "బాగుంది నాన్నా" అన్నాడు, మర్నాడు అక్కతో కలిసి నడిచే బడికి వెళ్లాడు. కొత్త సైకిలు ఇంట్లో పెట్టుకుని నడిచివెళ్లే పద్నాలుగేళ్ల కుర్రాడి లెక్క షావుకారుకి ఎంత కూడినా తేలలేదు.

"నా చెక్క ఏమైంది?" అని అడిగాడు.

రంగులు కలిపే బల్ల దగ్గర భార్య తల ఎత్తలేదు. కొట్టుకి మెషీను వచ్చి నాలుగేళ్లయింది. అయినా పాత గోడ పెచ్చు పట్టుకొచ్చి సరిగ్గా ఇదే రంగు కావాలనేవాళ్లకి ఇప్పటికీ ఆవిడ కన్నే దిక్కు. పెచ్చుని వెలుతురుకి పట్టుకుని, తెల్లరంగు గిన్నెలో ఒక్క చుక్క నలుపు వేసి కలిపింది.

"ఏ వస్తువు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తానంటారుగా," అంది. "మూసుకోండి మరి."

ఆవిడ ఇంత నెమ్మదిగా మాట్లాడిందంటే వెనక ఏదో దాచి ఉంచిందని పద్దెనిమిదేళ్ల కాపురంలో అతనికి తెలుసు. గట్టిగా అడుగుదామనుకునేలోపు బేరం వచ్చింది. ఒకావిడ, నీలం రంగు పెద్ద డబ్బా ఒకటి ఇమ్మంది.

"ఏ గోడకి?" అన్నాడు షావుకారు.

అది అతని మొదటి మాట, ఎవరికైనా. లోపలి గోడా బయటి గోడా, కొత్తదా పాతదా, చెమ్మ పడుతోందా, పిల్లలు చేతులు పెట్టే ఎత్తులో ఉందా, ఇవన్నీ తెలిస్తే తప్ప డబ్బా మీద చెయ్యి వేసేవాడు కాదు. పోటీ కొట్టువాళ్లు అడగ్గానే ఇచ్చేసేవారు. కొన్నవాళ్లు ఏడాది తిరక్కుండా ఇక్కడికి వచ్చేవారు.

కొత్త గది, పోయిన నెలే సిమెంటు పూత అయింది అని ఆవిడ చెప్పింది. అయితే ముందు అడుగుపూతగా ప్రైమర్ కావాలన్నాడు. అదెందుకు దండగ అంది ఆవిడ. షావుకారు చెయ్యి అలవాటు కొద్దీ మేకు వైపు వెళ్లి, ఖాళీగా తిరిగొచ్చింది. చెక్క చూపించకుండా ప్రైమర్ అమ్మడం అతనికి చేతకాలేదు. ఆవిడ ఆలోచించుకుని వస్తానని వెళ్లిపోయింది.

"చూశావా, పోయింది బేరం."

"సాయంత్రం వస్తుంది లెండి," అంది భార్య.

కొట్టు మీదే ఇల్లు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. టీ గ్లాసుతో కూతురు, చెయ్యి పట్టుకుని వెనక నాయనమ్మ. షావుకారుకి కవల పిల్లలు. ఈ పిల్ల పదకొండు నిమిషాలు ముందు పుట్టింది కాబట్టి పెద్దది. ఆ పదకొండు నిమిషాల పేరు చెప్పి తమ్ముడి చేత ఇప్పటికీ అక్కా అనిపించుకుంటుంది.

గ్లాసు కౌంటరు మీద పెట్టి, తండ్రికి మూరెడు దూరంలో నిలబడి, పెద్దది నాయనమ్మ వైపు తిరిగింది.

"నాయనమ్మా, టీ చల్లారిపోతుందని నాన్నగారితో చెప్పు."

"ఒరేయ్, టీ చల్లారిపోతుందట."

"విన్నానమ్మా."

"విన్నాడటే."

"మధ్యాహ్నం రెండింటికి బళ్లో మీటింగు ఉందని కూడా చెప్పు. వారికి వీలుంటేనే రమ్మను."

"వస్తానని చెప్పమ్మా," అన్నాడు షావుకారు, తను కూడా తల్లి వైపే తిరిగి.

పిల్ల మెట్లెక్కి వెళ్లిపోయింది. నాయనమ్మ స్టూలు మీద కూలబడింది. "బుధవారం నుంచి నాకీ పోస్టుమాస్టరు ఉద్యోగం ఏమిట్రా. జీతం లేదు, సెలవు లేదు. ఆ పిల్లకి నువ్వు చేసిన అన్యాయానికి నాకు శిక్ష."

అన్యాయం అన్న మాట షావుకారుకి మింగుడు పడలేదు. తను చేసింది అన్యాయం కాదు, భాగహారం.

బడివాళ్లు ఈ ఏడాది ప్రోగ్రెస్ కార్డు మార్చేశారు. మార్కులు లేవు, ర్యాంకు లేదు. ఒక్కో సబ్జెక్టుకి ఎదురుగా రెండు గళ్లు పెట్టారు. ఒకటి ప్రయత్నం, ఒకటి ఫలితం. రెండూ అయిదుకి. ఫలితం పక్కనే చిన్నగా పోయినసారి ఫలితం. బుధవారం భోజనాల దగ్గర షావుకారు పిల్లల కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి, లెక్కల వరస కిందివన్నీ వెనక్కి మడిచాడు. వచ్చే ఏడాది నిర్ణయం దాని మీదే ఉంది కాబట్టి మిగతా వరసలు తర్వాత చూద్దామనుకున్నాడు. తర్వాత చూడలేదు.

లెక్కల్లో పెద్దదానికి ప్రయత్నం అయిదు, ఫలితం మూడు. చిన్నవాడికి ప్రయత్నం ఒకటి, ఫలితం నాలుగు.

రంగుల వ్యాపారంలో డబ్బా విలువ దాని కవరేజీని బట్టి కడతారు. లీటరు రంగు ఎంత గోడ కప్పుతుందో అదే కవరేజీ. షావుకారు జేబులోంచి పెన్ను తీశాడు. ఫలితాన్ని ప్రయత్నంతో భాగించాడు. చిన్నవాడి కార్డు అంచున 4 అని రాశాడు. పెద్దదాని కార్డు అంచున 0.6 అని రాశాడు. చిన్నవాడు ఒక్క లీటరుకి నాలుగు గోడలు కప్పాడని, పెద్దది అయిదు లీటర్లు తాగి మూడు గోడలకే సరిపెట్టిందని ఇంటిల్లిపాదికీ వివరించాడు. చిన్నవాడికి సైకిలు అన్నాడు.

ఆ మీదట బడివాళ్లు ఇచ్చిన ఫారాలు తీశాడు. వచ్చే ఏడాది నుంచి లెక్కలు రెండు రకాలు. పిల్లలు వాటికి పెట్టుకున్న పేర్లు పెద్ద లెక్కలు, చిన్న లెక్కలు. పెద్ద లెక్కలు ఒకసారి వదిలేస్తే ఇక వెనక్కి వచ్చే దారి లేదు. చిన్నవాడికి పెద్ద లెక్కలు, పెద్దదానికి చిన్న లెక్కలు అని టిక్కులు పెట్టి, సంతకాలు చేసి, మర్నాడు బడికి పంపించేశాడు.

పెద్దది ఏడాది పొడుగునా తెల్లవారక ముందే లేచి కూర్చున్నది ఆ ఒక్క టిక్కు కోసమే. కార్డు అంచున ఉన్న 0.6 వంక చూసింది. చెంచా కింద పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. ఆ పూట నుంచి, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నువ్వు అని పిలిచిన తండ్రిని మీరు అనడం మొదలుపెట్టింది. అదీ నాయనమ్మ ద్వారా.

మర్యాద ఇంత నొప్పి పెడుతుందని షావుకారుకి అంతకుముందు తెలియదు.

*

బళ్లో పెద్దవాళ్లని పిల్లల బెంచీల మీద కూర్చోబెట్టారు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. షావుకారు పక్కన రంగుల మేస్త్రీ ఇరుక్కుని కూర్చున్నాడు. మేస్త్రీ కొడుకూ ఇదే తరగతి. రెండు బెంచీల ముందు షావుకారు భార్య కూర్చుని ఫ్యాను తిరగడం చూస్తోంది, ఎన్నడూ ఫ్యాను చూడనట్టు.

లెక్కల టీచరమ్మకి ముప్పై దాటి ఉండవు. కార్డు తయారుచేసింది ఆవిడే. చాలా కష్టపడి చెప్పింది. అభ్యసన ప్రక్రియ అంది, నిరంతర మూల్యాంకనం అంది, సమగ్ర వికాసం అంది. వెనక బెంచీలో ఒకాయన కునుకు తీశాడు. ముందు బెంచీలో ఒకాయన లేచి, అవన్నీ సరే, మా వాడు పాసా ఫెయిలా అని అడిగాడు. ఇంకొకాయన ర్యాంకు ఎందుకు తీసేశారన్నాడు. ర్యాంకు లేకపోతే పక్కింటివాళ్లకి ఏం చెప్పాలన్నాడు. ఆ ప్రశ్న చాలామందికి నచ్చింది.

కుట్టుమిషను ఆవిడ లేచింది. మెళ్లో టేపు తీయడం మర్చిపోయి వచ్చేసింది.

"నాకొక్కటి చెప్పండి టీచరు గారూ. ప్రయత్నం అయిదు, ఫలితం రెండు అంటే మా పిల్ల మొద్దు అని మర్యాదగా చెప్పడమేగా?"

షావుకారు తల ఊపాడు. తనలాగే లెక్క కట్టిన మనిషి ఇంకొకరు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది.

టీచరమ్మ కాదని చెప్పబోయి ఆగింది. చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది. బీరువా పక్కనుంచి పాత దుప్పటి చుట్టిన వస్తువొకటి తీసి, విప్పి, నల్లబల్లకి ఆనించి నిలబెట్టింది.

చెక్క.

షావుకారుకి కింద అంచున ఉన్న నొక్కు కూడా తెలుసు. ఏడేళ్ల కిందట చిన్నవాడు నిచ్చెన పడేస్తే పడిన నొక్కు. అతను భార్య వైపు చూశాడు. ఆవిడ ఫ్యాను వైపు చూసింది.

"దీన్ని నేను చదవలేను," అంది టీచరమ్మ. "చదివే మనిషి ఈ గదిలో ఉన్నారు."

గదిలో సగం మంది ఆ చెక్క చూసి రంగులు కొన్నవాళ్లే. తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. మేస్త్రీ మోచేత్తో పొడిచాడు. "వెళ్లండి షావుకారు గారూ. బేరం మీదే."

షావుకారు వెళ్లాడు. మొదట కాస్త నీళ్లు నమిలాడు. కానీ చెక్క అంచు చేతికి తగలగానే ఇరవై ఏళ్ల అలవాటు నోటిని పట్టుకుని నడిపించింది.

"మొదటి పట్టీ చూడండి. ప్రైమర్ ఒక్క కోటు. పాలిపోయినట్టు ఉంది కదూ. డబ్బా సగం అయిపోయింది, కంటికి ఏమీ కనబడదు. అందరూ గాభరా పడేది ఇక్కడే. రంగు ఏమైపోయిందండీ అంటారు. ఎక్కడికీ పోలేదు. కొత్త గోడ తాగుతుంది, తాగనివ్వాలి. తాగిందంతా లోపల ఉంటుంది."

వెనక బెంచీ ఆయన కునుకు మానేసి వింటున్నాడు.

"ఇది రెండో పట్టీ, రెండో కోటు. ఇంకా రంగు రాలేదు. కానీ చెయ్యి పెట్టి చూడండి, ఎంత నున్నగా ఉందో. ఈ చోట ఆపేసేవాడంత తెలివితక్కువవాడు ఇంకొకడు ఉండడు. ఎందుకంటే మూడో పట్టీ చూడండి. అదే ప్రైమర్ మీద రంగు ఒక్క కోటు. పదేళ్లు కదలదు."

గోరుతో నాలుగో పట్టీ మీద తట్టాడు.

"ఇది ప్రైమర్ లేకుండా వేసింది. వేసిన రోజు నాలుగింట్లో ఇదే మెరిసింది. చూసినవాళ్లందరూ ఇంతకంటే ఏం కావాలన్నారు. ఒక్క వానాకాలం మేడ మీద ఉంచాను."

గోరు తగిలిన చోట చిన్న పెచ్చు లేచి, బల్ల మీద పడింది.

ఆ పెచ్చు వైపు చూస్తూ షావుకారు మాట మరిచిపోయాడు. కిటికీ అవతల వరండాలో పిల్లలు మూగి ఉన్నారు. ముందు వరసలో పెద్దది, చిన్నవాడు. పెద్దది అతని వైపు కాదు, రెండో పట్టీ వైపు చూస్తోంది.

టీచరమ్మ పట్టీల కింద తెల్ల కాగితం ముక్కలు అంటించింది. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటీ తిప్పింది. మొదటి పట్టీ కింద ప్రయత్నం అయిదు, ఫలితం ఒకటి. రెండో దాని కింద ప్రయత్నం అయిదు, ఫలితం మూడు. నాలుగో దాని కింద ప్రయత్నం ఒకటి, ఫలితం నాలుగు. మూడో దాని కింద కాగితం తెల్లగా ఉంది.

"ఇది ఎవరో ఒక్కరి కార్డు కాదు," అంది. "ఇలాంటివి నా దగ్గర పదకొండు ఉన్నాయి. ఆ మూడో కాగితం మీద నేనింకా ఏమీ రాయలేదు. రాయాల్సింది వచ్చే ఏడాది."

 వెనకనుంచి మేస్త్రీ గొంతు, బేరమాడే గొంతు, వినబడింది.

"షావుకారు గారూ, నాదొక సందేహం. రెండో కోటు మీద పని ఆపేసి, మిగిలిన డబ్బాలు వెనక్కి పట్టుకొస్తే మీరు నన్ను కొట్టు మెట్లెక్కనిస్తారా?"

షావుకారు తల గోక్కున్నాడు.

"ఎక్కనివ్వను," అన్నాడు.

అన్న తర్వాత అతనికే నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాలు కదిలాయి. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ అమ్మిన సరుకు ఇంటికి మాత్రం పట్టుకెళ్లలేదు. గది మొత్తం నవ్వింది. కుట్టుమిషను ఆవిడ కూతురి కార్డు మళ్లీ తెరిచి, పోయినసారి అంకెని వేలితో పట్టుకుని, ఈసారి అంకె దాకా వేలు జరిపి, టేపు అంచుతో కళ్లు ఒత్తుకుని పక్కావిడకి చూపించింది. ర్యాంకు అడిగినాయన, అయితే పక్కింటివాళ్లకి రెండో కోటు నడుస్తోందని చెప్తానన్నాడు.

వరండాలో భార్య ఎదురైంది. నల్లబల్ల రంగు కొనడానికి టీచరమ్మ నిన్న రాత్రి అతను లేనప్పుడు కొట్టుకి వచ్చిందని, కార్డు సంగతి పెద్దవాళ్లకి ఎలా చెప్పాలో తెలియక దిగులుపడిందని, తను చెక్క దుప్పట్లో చుట్టి ఇచ్చేశానని ముక్తసరిగా చెప్పింది.

"నాకు ఒక మాట చెప్తే సరిపోయేదిగా."

"బుధవారం చెప్పాను. భార్య మాటలా విన్నారు. ఇవాళ మీరే చెప్పారు, షావుకారు మాటలా నమ్మారు," అంది. "పదండి. ఫారం మార్చుకోవడానికి నాలుగింటి దాకానే టైముంది."

*

హెడ్మాస్టరు గది గోడ మీద గడియారం మూడు ముప్పై అయిదు చూపిస్తోంది. ఆయన ఫారాల కట్ట విప్పి, పెద్దదాని ఫారం బయటికి తీశాడు. మార్చవచ్చు కానీ తండ్రి సంతకం ఒక్కటే చాలదన్నాడు. పిల్ల కూడా పెట్టాలి.

షావుకారు చిన్న లెక్కల టిక్కు కొట్టేశాడు. పెద్ద లెక్కల గడిలో టిక్కు పెట్టాడు, కాగితం చిరిగేంత గట్టిగా. సంతకం చేసి, పెన్ను కూతురికి చాపాడు.

పెద్దది పెన్ను తీసుకోలేదు.

షావుకారు అలవాటుగా పక్కకి చూశాడు, మధ్యలో మాట మోసే మనిషి కోసం. పోస్టుమాస్టరు ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు ఈ పిల్ల తనతో మాట్లాడాలి, లేకపోతే అసలు మాట్లాడకూడదు. చాపిన చెయ్యి అలాగే ఉంది. 

పిల్ల సంచిలోంచి కార్డు తీసింది. బల్ల మీద పెట్టి, అంచున ఉన్న అంకె మీద వేలు ఉంచింది.

"ఈ 0.6 తప్పు."

"తప్పేనమ్మా. ఒప్పుకున్నాను. అందరి ముందూ ఒప్పుకున్నాను."

"ఒప్పుకోవడం కాదు. ఎక్కడ తప్పు చేశావో చెప్పు."

చేశావు అంది. షావుకారు గుండెల మీంచి మూడు రోజుల బరువు దిగిపోయింది. ఆ సంతోషంలో ప్రశ్న మరిచిపోయాడు. పిల్ల మరవలేదు. అతను కార్డు వంక చూశాడు, మూడు చూశాడు, అయిదు చూశాడు. భాగహారం సరిగ్గానే ఉంది. ప్రయత్నం అంటే ఖర్చు కాదని తెలిసింది గానీ, ఆ అంకెలో తప్పు మాత్రం కనబడలేదు.

"నువ్వు మూడుని భాగించావు," అంది పెద్దది. "పోయినసారి నాది ఒకటి. ఇప్పుడు మూడు. నేను పెంచింది రెండు. తమ్ముడిది పోయినసారీ నాలుగే, ఇప్పుడూ నాలుగే. వాడు పెంచింది సున్నా. వాడి నాలుగు పాత నిల్వ నాన్నా. అది ఈ ఏడాది సరుకు కాదు."

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

షావుకారు నోరు వెళ్లబెట్టాడు. ఏడాది మొదట్లో కొట్టులో ఉన్న డబ్బాల్ని ఈ ఏడాది తెచ్చినవాటి కింద రాసుకునే గుమాస్తా ఉంటే అతను ఆ రోజే సాగనంపేవాడు. ఆ గుమాస్తా తనే అయ్యాడు. పట్టుకున్నది పద్నాలుగేళ్ల పిల్ల.

"ఇది పెద్ద లెక్కేనా?" అని అడిగాడు, భయభక్తులతో.

"కాదు నాన్నా. చిన్న లెక్కే."

తల్లి ముందు నవ్వింది. తర్వాత పిల్ల పెదవుల చివర, మూడు రోజులుగా బిగబట్టిన చోట, ముడి విడిపోయింది. పెన్ను లాక్కుని సంతకం పెట్టింది. పెట్టి, పెన్ను మూత పెట్టకుండానే తండ్రి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా కాసేపు పట్టుకుంది.

"సాయంత్రం టీ నువ్వే ఇవ్వాలి," అన్నాడు షావుకారు. "మీ నాయనమ్మ రాజీనామా ఇచ్చేసింది."

హెడ్మాస్టరు ఫారాలు మళ్లీ కట్ట కట్టబోయాడు. మూడు నలభై ఎనిమిది. షావుకారు లేచి నమస్కారం పెట్టబోతూ, గుమ్మం దగ్గర ఎవరో ఉన్నట్టు తోచి అటు చూశాడు.

చిన్నవాడు. చేతిలో తన కార్డు. ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలియదు.

"నాది కట్టేయకండి సార్," అన్నాడు హెడ్మాస్టరుతో. తర్వాత తండ్రితో, "అక్కని అడక్కుండా రాసేశావు. నన్ను కూడా అడగలేదు నాన్నా."

"నీకేం తక్కువైందిరా? పెద్ద లెక్కలేగా రాశాను."

చిన్నవాడు ముందుకొచ్చాడు. కార్డు బల్ల మీద పెట్టాడు. బుధవారం షావుకారు లెక్కల వరస కింద మడిచిన మడత అలాగే ఉంది. వాడు దాన్ని గోటితో లేపి, విప్పి, అరచేత్తో చదును చేశాడు. అన్నిటికంటే కింది వరస. చిత్రలేఖనం. ప్రయత్నం అయిదు. ఫలితం అయిదు.

పెద్ద లెక్కలు, చిత్రలేఖనం ఒకే పీరియడులో ఉంటాయని, ఎవరైనా ఒకటే తీసుకోగలరని హెడ్మాస్టరు నెమ్మదిగా చెప్పాడు.

షావుకారుకి తొడుగు ఊడదీయని సైకిలు గుర్తొచ్చింది. కొట్టులో డబ్బాల మూతల మీద రంగుల పేర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో ఎవరు రాస్తున్నారో గుర్తొచ్చింది. బ్రష్షు పాడుచేస్తున్నావని ఎన్నిసార్లు కసిరాడో అదీ గుర్తొచ్చింది. భార్య వైపు చూశాడు. ఈ గదిలో ఫ్యాను లేదు. ఆవిడ తిన్నగా అతని వైపే చూసింది.

కుదరదు అన్న మాట నాలుక చివరే ఉంది. ఊరికే కూర్చుని నాలుగు తెచ్చుకునేవాడు కాస్త కష్టపడితే ఎంత తెస్తాడో లెక్క కూడా అప్పటికే సగం తయారైంది.

ఆ లెక్కని అక్కడే ఆపాడు. కుర్చీ లాక్కుని, కొడుకు ముఖం తన ముఖానికి ఎదురుగా వచ్చేలా కూర్చున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి కొట్టులో పెరిగినవాడు. ప్రతి బేరానికీ తండ్రి మొదట ఏం అడుగుతాడో వాడికి తెలుసు.

"ఏ గోడకి?" అన్నాడు షావుకారు.

చిన్నవాడు గడియారం వైపు చూశాడు.

"పది నిమిషాల్లో చెప్పేది కాదు నాన్నా."

"మొదలుపెట్టు," అన్నాడు షావుకారు, మూత తీసిన పెన్ను చేతిలోనే పట్టుకుని.